ఏరుకునే వంతు

ఈ సంగతి నేను ఇదివరకు చెప్పలేదని కాదు. పెళ్లిళ్లలో చెప్పాను, దినాల దగ్గర చెప్పాను, బాన్సువాడ అంగడిలో బండ్లు విప్పుకున్న చోట కూర్చుని చెప్పాను. వినేవాళ్లు మొదటి మాటకు తల ఊపుతారు, రెండో మాటకు దిక్కులు చూస్తారు. "పాత ముచ్చట, ఇగ ఇడిచిపెట్టరాదే" అంటారు. ఒకాయన అయితే నేను ఇంకా నోరు తెరవకముందే "పావురాల ముచ్చటేనా?" అని నవ్వి, కండువా దులుపుకుని లేచిపోయాడు. ఆయన ఎవరో నాకు గుర్తుంది, ఏ అరుగు మీద నుంచి లేచాడో కూడా గుర్తుంది. నోటితో చెబితే ఎవరూ పట్టించుకోలేదు గనుక ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. కాగితాన్ని మధ్యలో ఆపి ఛాయ తాగుదాం పద అనడం కుదరదు.

నా ఫిర్యాదు పెద్దదేమీ కాదు. మా దిక్కు అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. పెద్దవాడు ఆస్తిని పాళ్లు చేయాలి, చిన్నవాడు ముందుగా ఏరుకోవాలి. ఏ పాలు తనకు మిగులుతుందో పెద్దవాడికి తెలియదు కాబట్టి రెండూ సమానంగా చేస్తాడు. ఎవరు పెట్టారో గానీ మనిషి మనసు తెలిసినవాళ్లే పెట్టారు. ఒక్కో పాలు భూమి నుంచి ఒక్కో మట్టిగడ్డ తెచ్చి, వాకిట్లో పీట మీద పెడతారు. చిన్నవాడు వంగి ఒక గడ్డ చేతిలోకి తీసుకుంటాడు. ఆ గడ్డ ఏ పొలానిదో ఆ పాలు ఆయనది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు.

నా వంతు వచ్చినప్పుడు నన్ను వంగనివ్వలేదు. నేను పావురాలు ఎగరేస్తానన్నది వాళ్లు చెప్పిన కారణం.

ఇది అర్థం కావాలంటే ఆ రోజుల్లో మా వాళ్లు తీరిక దొరికితే ఏం చేసేవాళ్లో చెప్పాలి. పెద్ద కాలువ వచ్చిన కొత్తలు అవి. అంతకుముందు మా నాయన కాలంలో మబ్బు పట్టిందా లేదా అన్న ఒక్క ఫికరే మనిషి నెత్తిని తినేసేది. కాలువ వచ్చాక వరి నిలకడగా పండింది, చెరకు వేశాం, గానుగలు తిరిగాయి, బెల్లం బండ్లు బాన్సువాడ బజారుకు వరుసగా వచ్చాయి. చేతిలో డబ్బు ఆడింది. డబ్బు ఆడిన ఇంట్లో సరదాలు కూడా మొలుస్తాయి. మా ఇంట్లో ఎవరి సరదా వాళ్లకు మొలిచింది.

మా అన్నవి పొట్టేళ్లు. కొమ్ములు మెలితిరిగిన పోట్ల పొట్టేళ్లు. వాటికి నానేసిన సెనగలు, గానుగ నూనె, శీతకాలంలో బెల్లం. మెడలో గవ్వల పట్టీ. జాతరలో పొట్టేళ్ల పోటీ ఉందంటే వాటిని మనవలను ఎక్కించినట్టు బండి ఎక్కించేవాడు. గెలిస్తే ఊరంతా దావత్. ఓడిన రోజు అన్నం ముట్టేవాడు కాదు. చూసినవాళ్లు "పటేలు పౌరుషం గల్లోడు" అనేవాళ్లు. దాన్ని ఎవరూ దుబారా అనలేదు.

మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, పండరికి పోయేవాడు. ఏటా పోయేవాడు, కుదిరితే రెండుసార్లు పోయేవాడు. ఒక్కడే కాదు, భజన చేసే నలుగురినీ వెంట తీసుకుని, వాళ్ల కిరాయి, వాళ్ల భోజనం తానే పెట్టుకుని పోయేవాడు. పోయేముందు బక్కగా ఉండేవాడు, వచ్చేటప్పుడు చెంపలు నిండేవి. నెలల తరబడి అక్కడి పేడాల రుచి, చంద్రభాగ నీళ్ల చల్లదనం చెప్పేవాడు. ఆయన సేద్యం మాత్రం జీతగాళ్ల మీద నడిచేది. అది భక్తి. భక్తికి లెక్క అడగరాదు.

పెద్ద కొడప్‌గల్‌లో మా మేనమామ ఉండేవాడు. ఆయనకు పొట్టేళ్లు లేవు, భజన లేదు, ఆకు వక్క కూడా అలవాటు లేదు. ఆయన సరదా పంచాయితీలు. ఏ ఊళ్లో ఎవరికి గెట్టు తగాదా వచ్చినా, ఏ ఇంట్లో కోడలు అలిగినా, ఆయనకు ముందే తెలిసేది. నల్లకోటు వేసుకుని, కిరాయి బండి కట్టించుకుని, పిలవకపోయినా దారిన పోతున్నట్టు అక్కడ దిగేవాడు. తీర్పు చెప్పిన రోజు ఆయన ముఖం చూడాలి. గంజిలో తడిసిన బట్ట ఆరినట్టు నిటారుగా ఉండేవాడు. ఇతరుల సంసారాలు చక్కబెట్టడానికి తన సంసారం సొమ్ము ఆయన ఎంత పోశాడో మా అత్తకే తెలుసు. అది పెద్దరికం.

నావి పావురాలు.

బజారులో బండ్లు కిరాయికి తోలే ముసలి సాయిబు దగ్గర నాకు ఈ అలవాటు అయింది. ఒకసారి బెల్లం దింపి, ఎద్దులు మేత మేస్తుంటే ఊరికే తల పైకెత్తాను. ఆయన మిద్దె మీద నుంచి ఒక గుంపు లేచింది. ఒక్కసారిగా కాదు, చీర విప్పినట్టు లేచింది. పైకి, ఇంకా పైకి పోయి, ఎండలో తెల్లగా మెరిసి, కంటికి ఆనకుండా పోయింది. నా మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. "పోయినయా సాయిబూ?" అన్నాను. "పోతే పోయినయ్ పటేలా" అన్నాడాయన, బీడీ ఆర్పకుండానే. కొంతసేపటికి ఆయన డబ్బాలో గింజలు గలగలలాడించాడు. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు, ఒక్కటొక్కటే వచ్చి ఆయన కాళ్ల దగ్గర వాలాయి.

నాకు ఆ గలగల నచ్చింది. అంతకంటే గొప్పగా చెప్పలేను. కాళ్లకు తాడు లేదు, ముక్కుకు తాడు లేదు, పోదలచుకుంటే సరిహద్దులోని డోంగ్లి దాటి మహారాష్ట్రంలోకి పోవచ్చు, ఎవడూ ఆపలేడు. అయినా వచ్చి వాలుతుంది. మా ఇంట్లో నా మాటకు అట్లా వచ్చి వాలేది ఏదీ ఉండేది కాదు. చిన్నవాణ్ణి. ఎద్దులు కొన్నా అన్నే, వడ్లు అమ్మినా అన్నే, చివరికి నా పెళ్లికి చీరలు ఏరింది కూడా అన్న, వదిన. నేను అడిగితే "నీకేం తెల్వదు, ఊకో" అనేవాళ్లు.

మా మట్టి మిద్దె మీద ఒక మూల వెదురు తడికెలతో గూడు కట్టాను. వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు. గుంపును పైకి లేపడానికి పొడుగాటి వెదురుకు ఒక గుడ్డపేలిక. పల్టీలు కొట్టే జాతి కొన్ని, నెమలిలా తోక విప్పే లక్కా జంట ఒకటి. పొద్దున పొలం పోయేముందు ఎగరేసేవాణ్ణి, సాయంత్రం వచ్చాక దింపేవాణ్ణి. పని చెడగొట్టుకుని ఎగరేసిన రోజు లేదు. ఇది నేను ఊరికే అనడం లేదు. మా జీతగాడు బతికి ఉన్నన్నాళ్లూ ఈ మాట నిలబడి చెప్పాడు. పంపకం రోజున ఆయన్ను కూడా ఎవరూ అడగలేదు.

అందులో నాకు తోడు ఒక్కడే, మా బావ. మా అక్క పెనిమిటి. డోంగ్లి దిక్కు ఊరు ఆయనది. తెలుగులో సగం మరాఠీ కలిపి మాట్లాడేవాడు. మనిషి ఉల్లాసం గలవాడు. తనకంటూ ఒక సరదా పెట్టుకోకుండా అందరి సరదాల్లోనూ పాలు తీసుకునేవాడు. అన్న పొట్టేలుకు మాలీషు చేసేవాడు, చిన్నాయన భజనలో తాళం వేసేవాడు. మా ఇంటికి వచ్చాడంటే ముందు కాళ్లు కడుక్కోడు, ముందు మిద్దె ఎక్కుతాడు.

"కాయ్ రే బామ్మర్దీ, గా తెల్లది గుడ్ల మీద కూసున్నదా?"

"కూసున్నది బావా. ముట్టకు, పొడుస్తది."

"పొడువనీ. మీ అక్క పొడిసేదాని కంటే ఎక్కువనా?"

ఒక జంటను ఆయనే తెచ్చాడు, తన ఊరి దిక్కు అంగడి నుంచి, తలగుడ్డలో చుట్టి. వాటిని మొదటిసారి ఎగరేసింది కూడా ఆయన చేతులతోనే. అవి తిరిగి వచ్చేదాకా మిద్దె దిగలేదు. కింద అక్క అన్నానికి పిలుస్తూనే ఉంది. వచ్చి వాలాక నా భుజం చరిచి, ఆకాశం వైపు చూపి, "మంది పైసలు పోసి తమాషా చూస్తరు, ఇది మొగులే తమాషా చేస్తది, పైస లేకుంట" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి అని పాఠకులను అడగను. నేను గుర్తుపెట్టుకున్నాను, అది చాలు.

తర్వాత లడాయి రోజులు వచ్చాయి. ఎక్కడో దూరాన యుద్ధం, ఇక్కడ మా గాదెల మీద లెవీ. పండించినదాంట్లో సర్కారుకు ఇంత కొలవాలన్నారు. కిరసనాయిలు దొరకలేదు, బట్ట దొరకలేదు. తండాల నుంచి కూలికి వచ్చేవాళ్లు పైసలు వద్దు, జొన్నలే ఇయ్యమనేవాళ్లు. అట్లాంటి రోజుల్లో మిద్దె మీద పక్షులకు గింజలు చల్లడం చూసేవాళ్లకు కష్టంగానే ఉంటుంది. నేను కాదనను. నా వైపు మాట ఒక్కటే. నేను చల్లింది కళ్లంలో ఊడ్చిన తాలు, మట్టి కలిసిన గింజ. మనుషుల పళ్లెంలోది కాదు. పొట్టేళ్లు తిన్న సెనగలు మాత్రం గాదెలోవి.

ఒకరోజు అన్నం దగ్గర అన్న ఆ మాట ఎత్తాడు.

"ఇంట్ల గింజకు కరువొచ్చె. మిద్దె మీద ధర్మసత్రం నడుస్తుండు మనోడు."

"తాలు గింజలన్నా అవి" అన్నాను.

"తాలైతేంది? కోళ్లకన్న ఏస్తే గుడ్లు పెడ్తయ్. గవి ఏం పెడ్తయ్? రెట్టలు పెడ్తయ్."

మా వదిన నవ్వింది. ఆ నవ్వుకు నాకు కోపం వచ్చింది.

"నీ పొట్టేళ్లు ఏం పెడ్తయన్నా? సెనగలు తిని ఇంకోని పొట్టేలుకు తలకాయ పెడ్తయ్."

అంతవరకు ఆయన సరదా గురించి నేను ఒక్క మాట అనలేదు. ఆ ఒక్కటే అన్నాను. అన్న పళ్లెం నెట్టేసి లేచాడు. మాటకు మాట పెరిగింది. "నీ లెక్క నువ్వు చూసుకో, నా లెక్క నేను చూసుకుంట" అన్నది మొదట ఆయనే. అమ్మ ఇద్దరి మధ్య నిలబడి ఒకసారి ఆయన వంక, ఒకసారి నా వంక చూసి, చివరికి పొయ్యి దగ్గరకు వెళ్లి కూర్చుంది. గదిలోకి వచ్చాక నా భార్య చెప్పిన మాట నన్ను ఇంకా తికమక పెట్టింది.

"మీకు పావురాలు, మీ అన్నకు పొట్టేళ్లు, చిన్నమామకు పండరి. ఎవలది మంచిదో మీరు మీరు తేల్చుకోండ్రి. మాకేదన్నా ఒకటి ఉంటే గద, మా దాని మీద మీరు తీర్పు చెప్పెటందుకు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

పంపకానికి పెద్దమనుషులను పిలిచారు. చిన్నాయన, కొడప్‌గల్ మామ, మా బావ. ముందు రోజు సాయంత్రం ముగ్గురూ చిన్నాయన ఇంట్లో కూర్చున్నారు. అన్నను పిలిచారు. నన్ను పిలవలేదు. నాకు అనుమానం రాలేదు. పాళ్లు చేసేది అన్న గదా, దానికే పిలిచి ఉంటారు అనుకున్నాను. ఏరుకునే వంతు నాకు ఉండగా భయపడాల్సింది ఏముంది?

మరుసటి పొద్దున వాకిలి చల్లి, పీట వేశారు. అన్న రెండు మట్టిగడ్డలు తెచ్చి పెట్టాడు. ఒకటి నల్లది, తడి ఆరనిది, కాలువ తూము పక్క పొలానిది. అందులో బావి ఉంది, చెరకు ఉంది, నీళ్లు అందరికంటే ముందు పారేది దానికే. రెండోది కాలువ కొసకు ఉన్న పొలం, దాన్ని ఆనుకున్న ఎర్ర చెల్క, వాన మీద పండే మెట్ట. ఆ గడ్డ పీట మీద పెట్టగానే పొడి రాలింది. కొసకు నీళ్లు వస్తే వచ్చినట్టు, రాకుంటే లేదు. విస్తీర్ణంలో ఆ పాలు కొంచెం పెద్దది. ఇల్లు అన్నకు, ఇంటి వెనక పశువుల కొట్టం ఉన్న జాగా, కట్టుకోవడానికి కర్ర నాకు అన్నారు. అందుకు నేను సరే అన్నాను.

పీట దగ్గరకు పోయి వంగాను. నా చెయ్యి ఇంకా పీటను ముట్టలేదు. చిన్నాయన చేతికర్ర నా చేతికీ గడ్డలకూ మధ్య అడ్డంగా పడింది.

"ఆగు కొడుకా. గిట్ల కాదు."

"ఏంది చిన్నాయనా? ఏరుకునేది నేనే గద."

"ఏరుకునేటోనికి సంసారం మీద సోయి ఉండాలె. నీ సోయి ఎప్పుడు జూడు మిద్దె మీదనే. నల్లభూమి నీ చేతికిస్తే ఏమైతదో మాకెర్క లేదా? ఇయ్యాల ఏరుకుంటవ్, రేపు అమ్ముకుంటవ్."

"నేనెప్పుడన్న ఏమన్న అమ్ముకున్ననా?"

కొడప్‌గల్ మామ కోటు గుండీ సర్దుకున్నాడు. ఆయన మాట్లాడబోయే ముందు అట్లా సర్దుకునేవాడు.

"అల్లుడా, నువ్వు ఎట్లయిన మొగులు దిక్కే చూస్తవు గద. మొగులు దిక్కు చూసేటోనికి కాలువ నీళ్లెందుకురా? వాన సాలదా?"

వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. గోడ మీద నుంచి చూస్తున్నవాళ్లు కూడా నవ్వారు. ఆ మాట ఊరికి బాగా నచ్చింది. నేను దారిన పోతుంటే చాలాకాలం దాన్ని నా వెనక అనుకునేవాళ్లు. నేను బావ వంక చూశాను. ఆయన నవ్వలేదు, నిజమే చెప్పాలి. ఆకు నములుతూ, కాలి బొటనవేలితో నేల గీకుతూ కూర్చున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన తల ఎత్తలేదు.

ఎర్రగడ్డను చిన్నాయనే తీసి నా చేతిలో పెట్టాడు. పెట్టి, "దేవుడు సల్లగ చూస్తడు" అన్నాడు. ఆయన కొద్దిరోజుల్లో పండరికి బయలుదేరాడు.

నాకు కోపం వచ్చిందని వేరే చెప్పనక్కరలేదు. కానీ ఇన్నేళ్లూ నేను కోపం ఒక్కటే పట్టుకుని కూర్చోలేదు, ఆలోచించాను కూడా. చిన్నాయన పండరి నుంచి వచ్చి బండి దిగే రోజు ఆయన ముఖం నేను చూశాను. కళ్లు తేటగా, ఎవరినీ ఏమీ అడగక్కరలేని ముఖం. నా గుంపు దిగి వచ్చే వేళ నా ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు గానీ లోపల అట్లానే ఉండేది. అన్న పొట్టేలు ఎదురుదాన్ని వెనక్కి నెట్టినప్పుడు ఆయన తలగుడ్డ తీసి గాల్లోకి ఎగరేయడం చూశాను. అదీ అదే. మనిషి దినమంతా ఎద్దులాగా తిరిగి, ఒక గడియ తనకోసం ఉంచుకుంటాడు. ఆ గడియలో ఏం చేస్తాడన్నది చూసి ఆయన మంచిచెడ్డ తేల్చడం మొదలుపెడితే, తేల్చేవాడి గడియను ఎవరు చూడాలి? మామ నల్లకోటును ఎవరూ చూడలేదు. మా ఇంటికి వచ్చి నా వంతు తీసిన ఆ పొద్దున ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో నేను చూశాను. నా పావురాలు నాకు ఏనాడూ అంత సంతోషం ఇవ్వలేదు.

కొట్టం జాగాలో రెండు గదులు వేసుకున్నాం. పావురాలను బుట్టల్లో పెట్టి తెచ్చి, కొత్త గూడులో కొన్నాళ్లు మూసి ఉంచాను. తలుపు తీసిన రోజు లేచాయి, తిరిగాయి, చక్కగా పోయి అన్న మిద్దె మీద వాలాయి. పావురానికి యజమాని తెలియదు, ఇల్లే తెలుసు. నాకు ఆ సంగతి తెలిసి కూడా ఆశపడ్డాను. డబ్బా గలగలలాడించాను. కొన్ని వచ్చి గింజలు తిని మళ్లీ అక్కడికే పోయాయి. అన్నను అడగబుద్ధి కాలేదు. ఆయన వాటిని తరిమేస్తాడు, లేదా కోసుకుని తింటాడు అనుకున్నాను.

ఆయన తరమలేదు. ఒకనాడు వీధిలో పోతూ చూశాను. మిద్దె మీద నా మూకుడు అక్కడే ఉంది, అందులో నీళ్లు ఉన్నాయి. ఎండాకాలం అది, పోసిన నీళ్లు పొద్దుగూకే వరకు ఉండవు. అంటే ఎవరో రోజూ పోస్తున్నారు. వదిన అయి ఉంటుందని అనుకున్నాను. తర్వాత అమ్మ చెప్పింది, "మీ అన్నే పోస్తుండురా. పొట్టేళ్లకు నానేసిన సెనగల్ల పిడికెడు గవిటికి గూడ ఏస్తుండు" అని. అమ్మ అది నాకు సంతోషం కలుగుతుందని చెప్పింది. నాకు సంతోషం కలగలేదు. ఆనాటి నుంచి నా మనసు ఇంకా చెడింది.

ఎందుకంటే ఆలోచించండి. పావురాలను పెంచడం నిజంగా తప్పని అన్న అనుకుంటే, ఆ మూకుడు మొదటి రోజే కింద పడి పగలాలి. ఆయనకు వాటి మీద కోపం లేదు. మరి నా వంతు పోయింది దేనికి? ముందు రోజు సాయంత్రం చిన్నాయన ఇంట్లో ఎవరు ముందుగా ఎవరితో ఏమన్నారు? నల్లభూమి ఎవరికి చేరాలో ముందు అనుకుని, తర్వాత దానికి ఒక కారణం వెతికారా? లేక నిజంగానే నేను చెడిపోయినవాణ్ణని నమ్మి, నా మేలు కోరి అట్లా చేశారా? రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిదైతే అది మోసం. రెండోదైతే నా మీద తీర్పు. మోసపోయినవాడిగా నేను బతకగలను. నా మీద ఎవరో తీర్పు చెప్పారు, ఎందుకో నాకు చెప్పలేదు అన్నదాంతో బతకడం కష్టం.

ఇక్కడే జనం నన్ను ఆపుతారు. ఎందుకంటే తర్వాత జరిగింది అందరికీ తెలుసు. తూము పక్క నల్లభూమికి కాలువ నీళ్లు ఊటలాగా కిందికి దిగి దిగి, కొన్నేళ్లకు జాలు పట్టింది. చెరకు వేర్లు కుళ్లాయి. నాగలి పెడితే ఎద్దులు మోకాళ్ల దాకా దిగాయి. మొదట్లో నీళ్లు అందక నన్ను ఏడిపించిన కొస పొలం మాత్రం గట్టిగా నిలబడింది. వరి రాని ఏడు జొన్న వచ్చింది, చెల్కలో పల్లికాయ వచ్చింది. అన్నకు కష్టం వచ్చిన ఆ రోజుల్లో మా ఇంటి నుంచి ఆయన గాదెకు జొన్నలు పోయాయి. ఎన్ని పోయాయో నేను చెప్పను, ఆయనా అడిగి తీసుకోలేదు.

"సూడు, నీకే మంచిగయె గద. ఆనాడు నువ్వు ఏరుకుంటే నల్లదే ఏరుకుందువు, మునుగుదువు. పెద్దమనుషులు నీకు మేలు చేసిండ్రు" అంటారు. ఈ మాట అన్నవాళ్ల ముఖాలన్నీ నాకు గుర్తున్నాయి. అందులో మా కొడుకు వరస పిల్లలు కూడా ఉన్నారు. మంచిగైతే అవమానం చెల్లిపోతుందా? నన్ను నూతిలోకి తోసినవాడికి, నూతిలో నాకు కడవ దొరికిందని దండం పెట్టాలా?

అసలు నేను ఏది ఏరుకునేవాణ్ణో వాళ్లకు ఎట్లా తెలుసు? నాకే తెలియదు. నేను ఆ రోజు వంగినప్పుడు నా మనసులో ఏదీ తేలలేదు. రెండు గడ్డల వంకా చూశాను. నల్లదాని తడి కనబడింది. ఎర్రదాని మీద, చెల్కలో చెట్టూ చేమా లేని ఖాళీ మొగులు మనసులో మెదిలింది. గద్దలకు దాక్కునే చోటు ఉండదు అక్కడ, గుంపు ఎంత దూరం పోయినా కనబడుతుంది. చెయ్యి ఎటు పోతుందో చెయ్యి పోయాకే తెలిసేది. ఆ ఒక్క క్షణం నాది. బతుకులో నేనే తేల్చాల్సిన మొదటి సంగతి అది. దాన్ని కర్రతో అడ్డుకున్నారు. భూమి ఎంత పండినా ఆ క్షణం పండదు.

చిన్నాయన పోయాడు. ప్రాణం పోయేముందు నేను వెళ్లి అడుగుదామనుకున్నాను, అప్పటికే ఆయన నాలుక పడిపోయింది, సైగలు తప్ప మాట లేదు. కొడప్‌గల్ మామను ఒకసారి ఆయన అరుగు మీదే అడిగాను. "ఎన్ని పంచాయితీలు చేసిన్నో, అన్ని యాదికుంటయారా?" అన్నాడు. ఆయన తీర్పు నా బతుకంతా ఉంది, ఆయన యాదిలో మాత్రం లేదు. ఆయనా పోయాడు. అన్న పోయాడు. చివరి రోజుల్లో మేమిద్దరం ఒకే మంచం మీద కూర్చుని పంటల గురించి, ఎద్దుల గురించి మాట్లాడుకున్నాం. ఆ మాట నేను ఎత్తలేదు, ఆయన ఎత్తలేదు. రోగంతో ఉన్న మనిషిని అడగడం నాకు చేతకాలేదు. అది నా బలహీనత అనుకున్నా సరే, మర్యాద అనుకున్నా సరే.

ఇక మిగిలింది మా బావ ఒక్కడే. పెద్దవాడయ్యాడు, కర్ర పట్టుకుని నడుస్తాడు, ఉల్లాసం మాత్రం తగ్గలేదు. నేను ఎప్పుడు ఈ సంగతి ఎత్తినా, "సోడ్ రే బామ్మర్దీ, ఇడిచిపెట్టు, ఛాయ సల్లారుతది, తాగు" అంటాడు. ఇంకో కప్పు పోయిస్తాడు. మా అక్క ఎదుట అడిగితే నొచ్చుకుంటుందని ఊరుకునేవాణ్ణి. అక్క కూడా ఇప్పుడు లేదు. ఆయన మనసు మంచిదని అందరూ అంటారు, నేనూ అంటాను. మంచి మనసు గలవాడు ఆ ఒక్క పొద్దున ఎందుకు తల దించుకున్నాడన్నదే నా ప్రశ్న. ఆయనకు నా తప్పు కనబడి ఉంటే, ఆ తప్పులో సగం ఆయనదే. కనబడకపోయి ఉంటే, ఒక్క మాట అడ్డం వేసి ఉండాల్సింది. "వాన్ని ఏరుకోనియ్యిండ్రి" అంటే చాలు. ముగ్గురిలో ఒక్కరు కాదంటే పంచాయితీ ఆగేది. మా దిక్కు అదీ పద్ధతే.

బావా, నువ్వు చదువుకున్నవాడివి, ఇది నీ చేతికి చేరుతుంది. భూమి నాకు వద్దు, పొరపాటైందన్న మాట కూడా వద్దు. ఆ సాయంత్రం చిన్నాయన ఇంట్లో నువ్వు ఉన్నావు. నా పేరు ముందు ఎవరు ఎత్తారు? పావురాల మాట ముందు వచ్చిందా, నల్లభూమి మాట ముందు వచ్చిందా? నిన్ను అడిగినప్పుడు నువ్వు ఏమన్నావు? ఏమీ అనకపోతే ఎందుకు అనలేదు? ఛాయ పోయించకు, నవ్వకు, పాత ముచ్చట అనకు. కూర్చుని జవాబు చెప్పు.